మేక బృహద్ధమని, జెలటిన్ జెల్, డాక్సీసైక్లిన్: గుంటూరు ల్యాబ్ డైరీ

మొదటి రెండు జెల్స్ మొత్తం నీలంగానే మిగిలాయి. ఒక్క గీత కూడా రాలేదు. మాలాంటి చిన్న కాలేజీ ల్యాబ్‌లో ఈ పని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఆ నీలం దగ్గరే ఆగిపోతారు. అందుకే తప్పుల నుంచే రాస్తున్నాను.

ముందు పని ఏమిటో కొంచెం చెప్పాలి. మేక బృహద్ధమని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, దాని రసంలో నాళం గోడను కొరికే ఎంజైములను జెలటిన్ కలిపిన జెల్ మీద చూడాలి, డాక్సీసైక్లిన్ అనే మందు వాటిని ఆపుతుందేమో కొలవాలి. నీలం జెల్ మీద తెల్ల గీత వస్తే ఎంజైమ్ ఉన్నట్టు. గుండె రక్తనాళం గోడలో కొవ్వు చేరి ప్లేక్ తయారైనప్పుడు, దాని మీద కొలాజెన్ అల్లిన ఒక పైపొర ఉంటుంది. అది 65 మైక్రోమీటర్ల కంటే పల్చబడితే చిరిగే ప్రమాదం బాగా ఎక్కువ. చిరిగితే రక్తం అక్కడే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఆ పైపొరను కొరికే ఎంజైముల్లో ముఖ్యమైనవి మాట్రిక్స్ మెటల్లోప్రొటీనేజులు, పొట్టిగా ఎమ్‌ఎమ్‌పీలు. వీటిలో మొదటిదాన్ని 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ కప్పపిల్ల తోక ఎలా కరిగిపోతుందో చూస్తూ పట్టుకున్నారు. మనిషి ప్లేకుల్లో, చిరిగే అవకాశం ఎక్కువున్న అంచుల దగ్గరే వీటి పని ఎక్కువగా కనిపిస్తోందని 1994లో గాలిస్ బృందం చూపించింది. వీటిని మందుతో ఆపితే గుండెపోటు ఆగుతుందా అన్న ప్రశ్న అప్పటి నుంచీ నలుగుతూనే ఉంది.

మా నాన్నగారికి గుండెపోటు వచ్చినప్పుడు యాంజియోగ్రామ్‌లో కనిపించిన అడ్డు 40 శాతమే. "ఇంత తక్కువ అడ్డుకు ఇంత పెద్ద దెబ్బా డాక్టర్ గారూ?" అని అడిగితే, "అడ్డు ఎంతుందని కాదమ్మా, పైపొర చిరిగింది" అన్నారు. బయోకెమిస్ట్రీ పాఠం చెప్పే నాకు ఆ మాట చాలాకాలం నిద్ర పట్టనివ్వలేదు. పీజీ చదివే ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఈ పని పెట్టుకోవడానికి కారణం అదే.

దశ 1: నాళం తేవడం, రసం తీయడం (మార్చి 18 నుంచి 27)

పాతగుంటూరులో తెలిసిన మటన్ కొట్టుకు వెళ్లాను. "భాయ్, గుండెకాయ పైనుంచి ఒక తెల్ల గొట్టం వెన్ను వెంట కిందికి దిగుతుంది చూడండి, అది కావాలి" అని అడిగాను. "అది ఎవరూ తినరు మేడమ్, పారేస్తాం" అన్నాడు. ఒట్టి గొట్టానికి డబ్బు తీసుకోనన్నాడు. గుండెకాయ కూడా కలిపి 150 రూపాయలకు కొన్నాను. మాంసం కోసం కోసిన మేక నుంచి తీసుకున్నదే తప్ప, దీనికోసం ఏ జంతువునూ కోయించలేదు.

మొదటి తప్పు దారిలోనే జరిగింది. కవర్లో వేసుకుని ఆటోలో వచ్చేసరికి 50 నిమిషాలు, బయట 36 డిగ్రీలు. ఆ నాళాన్ని వాడకుండా పడేశాం. రెండోసారి స్టీలు క్యారేజీలో కింది గిన్నె నిండా ఐసు, పై గిన్నెలో చల్లటి సెలైన్, అందులో నాళం. ల్యాబ్‌కు చేరేసరికి సెలైన్ 6 డిగ్రీలు ఉంది. అప్పటి నుంచి అదే పద్ధతి.

రెండో తప్పు మిక్సీ. నాళం గోడ నిండా ఎలాస్టిన్ ఉంటుంది, రబ్బరులా సాగుతుంది. రోట్లో నూరితే జారిపోయింది. మిక్సీలో వేస్తే బ్లేడుకు దారంలా చుట్టుకుంది. అర నిమిషం తిప్పి థర్మామీటర్ పెడితే 41 డిగ్రీలు! ఎంజైమ్ కొలవాలనుకునేవాళ్లు చేయకూడని పని అది. ద్రవ నైట్రోజన్ ఉంటే గడ్డకట్టించి పొడి చేయొచ్చు, మా దగ్గర లేదు. చివరికి కత్తెరే పనికొచ్చింది.

1. నాళాన్ని పొడవునా కత్తిరించి తెరవాలి. బయట అంటుకున్న కొవ్వు, వదులు పొర ఫోర్సెప్స్‌తో లాగేయాలి.
2. చల్లటి సెలైన్‌లో కడగాలి. ఎన్నిసార్లన్నది దశ 3లో రాశాను, అది చదవకుండా ముందుకు వెళ్లకండి.
3. చిన్న కత్తెరతో 1 మి.మీ. ముక్కలు చేయాలి. ఒక గ్రాముకు మాకు 35 నిమిషాలు పట్టింది. గిన్నె ఐసులోనే ఉండాలి.
4. గ్రాముకు 5 మి.లీ. బఫర్ (పీహెచ్ మారకుండా చూసే ద్రావణం) పోయాలి: ట్రిస్ 50 మిల్లీమోలార్ పీహెచ్ 7.5, సోడియం క్లోరైడ్ 150, కాల్షియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ 0.1 శాతం.
5. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, పడుకునే ముందు నాలుగైదు సార్లు కుదపాలి. మా హాస్టల్ అమ్మాయిలు ఆ బాధ్యత తీసుకున్నారు.
6. మైక్రోఫ్యూజ్‌లో (చిన్న సెంట్రిఫ్యూజ్) 10,000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు. పైన తేరిన రసం తీసి చిన్న ట్యూబుల్లో పంచి, గడ్డకట్టించాలి. ఒకసారి కరిగించిన ట్యూబు మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

ప్రొటీన్ కొలతలో ఒక చిక్కు వచ్చింది. ట్రైటాన్ మొదట 1 శాతం వేశాం. నీలం రంగు ఎంత వచ్చిందో చూసి ప్రొటీన్ కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ఖాళీ బఫరే నీలంగా మారింది. అందుకే 0.1కి తగ్గించాం, రసాన్ని 20 రెట్లు పల్చన చేశాం, బ్లాంకుకు కూడా అదే బఫర్ వాడాం. అప్పుడు వచ్చిన విలువ మి.లీ.కి 2.1 మి.గ్రా.

ఇప్పటికి: నాళాలు 2, వాడగలిగింది 1, జెల్స్ 0, ఖర్చు రూ. 1,220. ఇందులో ట్రైటాన్ సీసాకే 920.

దశ 2: నీలం జెల్స్ (మార్చి 29 నుంచి ఏప్రిల్ 9)

జెలటిన్ జైమోగ్రఫీ సూత్రం చాలా అందమైనది. 1980లో హ్యూసెన్, డౌడిల్ చూపిన ఉపాయం. ఎస్‌డీఎస్ అంటే ప్రొటీన్ల మడతలు విప్పే డిటర్జెంట్. మామూలు ఎస్‌డీఎస్ జెల్ పోసేటప్పుడే అందులో జెలటిన్ (కొలాజెన్‌ను ఉడికిస్తే వచ్చేది) కలిపేస్తాం. రసంలోని ప్రొటీన్లు సైజు ప్రకారం విడిపోతాయి. తర్వాత ఎస్‌డీఎస్ కడిగేస్తే ఎంజైమ్ మళ్లీ ముడుచుకుని పనిలోకి దిగుతుంది, తానున్న చోట జెలటిన్ తినేస్తుంది. కూమాసీ రంగు వేస్తే జెల్ అంతా నీలం, ఎంజైమ్ ఉన్నచోట తెల్ల గీత.

10 మి.లీ. జెల్ కొలతలు, 8 శాతానికి:

1. అక్రిలమైడ్-బిస్ 30 శాతం: 2.7 మి.లీ.
2. ట్రిస్ 1.5 మోలార్, పీహెచ్ 8.8: 2.5 మి.లీ.
3. జెలటిన్, మి.లీ.కి 10 మి.గ్రా.: 1 మి.లీ.
4. ఎస్‌డీఎస్ 10 శాతం: 0.1 మి.లీ.
5. నీళ్లు: 3.6 మి.లీ.
6. అమ్మోనియం పర్‌సల్ఫేట్ 10 శాతం: 0.1 మి.లీ., చివర్లో టెమెడ్ 8 మైక్రోలీటర్లు.

పైన పోసే స్టాకింగ్ జెల్‌లో (శాంపిల్‌ను సన్న గీతగా కూడగట్టే పొర) జెలటిన్ వేయకూడదు. గట్టిపడని అక్రిలమైడ్ నరాలకు విషం. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి, మిగిలినదాన్ని గట్టిపడనిచ్చాకే పారేయండి.

జెల్ 1 ఎందుకు నీలంగా మిగిలిందంటే, అలవాటు. ఎస్‌డీఎస్ జెల్ అనగానే మా చేతులు వాటంతటవే శాంపిల్‌లో ప్రొటీన్ లోపలి బంధాలు తెంచే మెర్‌కాప్టోఇథనాల్ వేసి, మరిగే నీళ్లలో 5 నిమిషాలు పెడతాయి. ఎంజైమ్‌ను వండేసి, అది జెలటిన్ తింటుందేమోనని చూస్తూ కూర్చున్నాం. ఇక్కడ శాంపిల్ మరిగించకూడదు, మెర్‌కాప్టోఇథనాల్ కానీ, అదే పని చేసే డీటీటీ కానీ వేయకూడదు. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి జెల్ ట్యాంకుకు అంటించాం.

జెల్ 2 కథ వేరు. ఆరోజు ట్రిస్ అయిపోయింది. కొత్త డబ్బా విజయవాడ నుంచి రావడానికి మూడు రోజులన్నారు. ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ కూడా 7.5 దగ్గరే కదా అని 37 డిగ్రీల నానబెట్టు బఫర్‌కు (ఎంజైమ్ జెలటిన్ తినేందుకు జెల్‌ను ఉంచే ద్రావణం) అదే వాడేశాం. కాల్షియం క్లోరైడ్ పోయగానే సీసా పాలలా తెల్లబడింది. ఫాస్ఫేటు, కాల్షియం కలిసి అడుగున కూర్చున్నాయి. అంటే ఎంజైమ్‌కు అవసరమైన కాల్షియం నీళ్లలో మిగల్లేదు. తెల్లబడినప్పుడే పారబోయాల్సింది, "కలిపేస్తే పోతుందిలే" అని నేనే అన్నాను. 18 గంటలు వృథా. మూడు రోజులు ఆగి ఉంటే సరిపోయేది.

కుదిరిన పద్ధతి ఇది:

1. జెల్ నడిచాక 2.5 శాతం ట్రైటాన్‌లో రెండుసార్లు, ఒక్కోసారి 30 నిమిషాలు, మెల్లగా ఊపుతూ.
2. నానబెట్టు బఫర్‌లో 10 నిమిషాలు కడగడం: ట్రిస్ 50 మిల్లీమోలార్ పీహెచ్ 7.5, కాల్షియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, జింక్ క్లోరైడ్ 1 మైక్రోమోలార్.
3. అదే బఫర్ కొత్తగా పోసి, మూతపెట్టి, 37 డిగ్రీల దగ్గర 18 గంటలు.
4. కూమాసీ ఆర్-250తో ఒక గంట రంగు, తర్వాత తెల్ల గీతలు తేలేవరకు రంగు వదిలించడం.

ఇప్పటికి: జెల్స్ 2, చదవగలిగినవి 0, ఖర్చు రూ. 3,790. కొత్తగా జెలటిన్ 640, కూమాసీ 780, ట్రిస్ 1,150.

దశ 3: మొదటి గీత, అది తప్పు గీత (ఏప్రిల్ 12 నుంచి మే 4)

జెల్ 3లో 92 కిలోడాల్టన్ల (ప్రొటీన్ సైజు కొలత) దగ్గర మెరిసే తెల్ల గీత వచ్చింది. 72 దగ్గర ఇంకొకటి, పల్చగా. 92 అంటే ఎమ్‌ఎమ్‌పీ-9, 72 అంటే ఎమ్‌ఎమ్‌పీ-2, రెండూ ఇంకా తెరుచుకోని రూపంలో. అమ్మాయిలు ఫోటోలు తీసుకున్నారు. నాకు మాత్రం రాత్రి అనుమానం మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న నాళం గోడలోని కండర కణాలు మామూలుగా తయారుచేసేది ఎమ్‌ఎమ్‌పీ-2. ఎమ్‌ఎమ్‌పీ-9 ఎక్కువగా న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాల నుంచి వస్తుంది. మేకలకు ప్లేకులు అరుదు. మరి ఈ నాళంలో 92 ఇంత బలంగా ఎందుకు ఉండాలి?

మరునాడు భాయ్ దగ్గర కొంచెం రక్తం తెచ్చి, ఒక వరుసలో నాళం రసం, ఒక వరుసలో గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన రక్తం నుంచి తీసిన ప్లాస్మా, ఒక వరుసలో గడ్డకట్టిన రక్తం నుంచి తేరిన సీరం వేశాం. జెల్ 4లో సీరం వరుసలో 92 గీత అచ్చం నాళం వరుసలో లాగే మెరిసింది. ప్లాస్మాలో చాలా తక్కువ. రక్తం గడ్డకట్టేటప్పుడు తెల్లకణాలు ఈ ఎంజైమ్‌ను వదులుతాయి. మేం కొలిచింది నాళాన్ని కాదు, నాళంలో మిగిలిపోయిన రక్తాన్ని.

ఈ దశ మీద ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే జెల్ నీలంగా ఉంటే తప్పని వెంటనే తెలుస్తుంది. అందమైన గీత వస్తే ఎవరూ తప్పు వెతకరు. మాది జర్నల్‌కు వెళ్లే పనే అయితే ఆ ఫోటోతోనే వెళ్లిపోయేది.

కడగడాన్ని కొలతలోకి తెచ్చాం. నాళాన్ని తెరిచి, ప్రతిసారీ 20 మి.లీ. చల్లటి సెలైన్‌లో 5 నిమిషాలు ఊపి, ఆ నీళ్లను రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్‌లో 420 ఫిల్టర్ దగ్గర చదివాం. హిమోగ్లోబిన్ ఆ ప్రాంతంలో బలంగా పట్టుబడుతుంది.

1వ కడుగు: 0.84
2వ: 0.41
3వ: 0.17
4వ: 0.06
5వ: 0.03

కంటికి మూడో కడుగు నీళ్లే తేటగా కనిపించాయి. కన్ను చాలదు. 0.05 కిందికి వచ్చేదాకా కడగాలని నియమం పెట్టుకున్నాం. జెల్ 5లో 72 గీత బలంగా నిలబడింది, దాని కింద 62కు దగ్గరలో సన్నటి ఇంకో గీత, అది తెరుచుకున్న ఎమ్‌ఎమ్‌పీ-2. 92 దాదాపు పోయింది. మనుషుల రక్తంలో ఎమ్‌ఎమ్‌పీ-9 కొలిచే ప్రాజెక్టులు పెట్టుకునేవాళ్లు సీరమా ప్లాస్మానా అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి.

ఇప్పటికి: నాళాలు 4, జెల్స్ 5, చదవగలిగినవి 3, ఖర్చు రూ. 4,090.

దశ 4: గుంటూరు ఎండ (మే 24 నుంచి 31)

పరీక్షల పని వల్ల మూడు వారాలు ఆగి, సరిగ్గా రోహిణి కార్తెలో మళ్లీ మొదలుపెట్టాం. జెల్ 6 తీసేసరికి నీలం అంతటా వెలిసిపోయి, గీతలు పక్కలకు పాకి ఉన్నాయి. ఇంక్యుబేటర్ డయల్ 37 దగ్గరే ఉంది. లోపల థర్మామీటర్ పెడితే 43!

మా ఇంక్యుబేటర్‌కు వేడి చేయడం మాత్రమే తెలుసు, చల్లబరచడం తెలియదు. గది 41 డిగ్రీలుంటే పెట్టె 37లో ఎలా ఉంటుంది? చలికాలంలో ఈ పెట్టెను నమ్మిన నేను మే నెలలోనూ అలాగే నమ్మాను. 450 రూపాయలతో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్ కొన్నాం. 18 గంటల్లో 34 నుంచి 43 దాకా తిరిగినట్టు చూపింది. మధ్యలో కరెంటు పోయిన రెండున్నర గంటలు కూడా అందులో ఉన్నాయి.

120 రూపాయల థర్మకోల్ పెట్టె తెచ్చాం. అందులో 37 డిగ్రీల నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు నాలుగు, మధ్యలో మూతపెట్టిన జెల్ డబ్బా. సాయంత్రం 5 నుంచి మరునాడు 11 దాకా నానబెట్టు. నీళ్ల బరువే ఉష్ణోగ్రతను పట్టి ఉంచుతుంది. పొద్దున 9 దాటాక ఒక సీసా మార్చితే చాలు. కొలిస్తే 36.2 నుంచి 37.6 మధ్యే ఉంది. ఇంక్యుబేటర్ కంటే ఇదే మేలని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

జెల్ 7 నడిచేటప్పుడే చెడింది. 125 వోల్టుల దగ్గర ట్యాంకు బఫర్ 48 డిగ్రీలకు వెళ్లింది. గీతలు నవ్వుతున్న నోటిలా వంగాయి, ఒక్కోదాని వెనక తెల్ల తోక. ఎంజైమ్ నడుస్తూనే జెలటిన్ తింటూ పోయింది. ట్యాంకును ఐసు టబ్బులో పెట్టి, ముందురోజే బఫర్ ఫ్రిజ్‌లో ఉంచి, 90 వోల్టులకు తగ్గిస్తే రెండున్నర గంటలు పట్టింది కానీ జెల్ 8 గీతలు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి.

ఇప్పటికి: జెల్స్ 8, చదవగలిగినవి 4, ఖర్చు రూ. 4,660.

దశ 5: డాక్సీసైక్లిన్ (జూన్ 2 నుంచి 16)

మందు ఎందుకు డాక్సీసైక్లిన్? అది యాంటీబయాటిక్ అనే అందరికీ తెలుసు. కానీ సూక్ష్మజీవులను చంపలేనంత తక్కువ మోతాదులో, 20 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఎమ్‌ఎమ్‌పీలను అణచడానికి చిగుళ్ల జబ్బుకు 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఊళ్లో ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

"పసుపు కూడా వేద్దాం మేడమ్" అని అమ్మాయిలు అడిగారు. వద్దన్నాను. పసుపులోని కర్‌క్యుమిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, ప్రొటీన్‌కు పట్టుకుంటుంది, తనకే రంగు ఉంది. రంగు చూసి కొలిచే జెల్‌లో అది ఏం చెబుతుందో అర్థం చేసుకోవడం కష్టం. పనిచేస్తుందని ముందే తెలిసిన మందుతో కొలత నిలబడకపోతే, తెలియని దానితో వచ్చిన ఫలితానికి విలువ ఉండదు.

ముందు జెల్ 9తో ఎంత ప్రొటీన్ వేయాలో తేల్చాం. ఫోన్ ఫోటోలు వద్దు, వెలుగు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. ఆఫీసు స్కానర్ మీద ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) పరిచి, జెల్ పెట్టి స్కాన్ చేసి, గీత ఎంత బలంగా ఉందో ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో కొలిచాం.

5 మైక్రోగ్రాములు: 1,900
10: 3,700
20: 6,600
40: 7,800

20 దాటాక రెట్టింపు వేసినా గీత రెట్టింపవలేదు, అక్కడున్న జెలటిన్ అప్పటికే అయిపోయింది. నేను మొదటి నుంచి 20 వేస్తూ వచ్చాను. ఇకపై 10.

మందు తయారీ:

1. ఒట్టి డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. క్యాప్సూల్ అడగాలి. లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్ కలిపినవి ఎక్కువగా దొరుకుతాయి, అవి ఇక్కడ పనికిరావు.
2. డాక్సీసైక్లిన్ అణుభారం 444.4. కాబట్టి ఒక క్యాప్సూల్ పొడి 22.5 మి.లీ. నీళ్లలో కలిపితే 10 మిల్లీమోలార్.
3. కరగని పిండి అడుగుకు దిగేలా సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీళ్లు తీసుకోవాలి. వెలుగు తగలకుండా ఫాయిల్ చుట్టాలి, అదేరోజు వాడేయాలి.
4. ఒకే జెల్‌లో ఒకే శాంపిల్ ఆరు వరుసలు నడిపి, ట్రైటాన్ కడుగుల తర్వాత నిలువుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో గాఢత ఉన్న బఫర్‌లో నానబెట్టాలి.

మందు లేనిచోట 72 గీతను 100 అనుకుంటే, రెండుసార్ల ఫలితాలు:

10 మైక్రోమోలార్: 97, 99
50: 84, 80
100: 66, 70
250: 31, 36
500: 12, 9

సగానికి తగ్గడం 150 నుంచి 200 మధ్యలో. జెల్ మీద మందు పనిచేసింది. కానీ 200 మి.గ్రా. డాక్సీ మింగితే రక్తంలో గరిష్ఠంగా మి.లీ.కి 2.6 మైక్రోగ్రాముల వరకు చేరుతుంది. లెక్క కడితే అది సుమారు 6 మైక్రోమోలార్. మా పట్టికలో 10 దగ్గర గీత కదలనే లేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన బోర్డు మీద రాసి, అమ్మాయిలను చాలాసేపు చూడమన్నాను.

జెల్ 12 సరిచూసుకోవడానికి. లోహాలను పట్టేసే ఈడీటీఏ 10 మిల్లీమోలార్ ఉన్న ముక్కలో గీత పూర్తిగా మాయం, సెరీన్ ప్రొటీజ్‌లు అనే వేరే రకం ఎంజైములను ఆపే పీఎంఎస్ఎఫ్ ఉన్న ముక్కలో అలాగే ఉంది. అంటే ఇది లోహం మీద ఆధారపడే ఎంజైమే, సెరీన్ ప్రొటీజ్ కాదు. 250 డాక్సీతో పాటు కాల్షియం 20 మిల్లీమోలార్‌కు పెంచితే గీత 57కు లేచింది. డాక్సీ కొంతవరకు లోహాలను పట్టేసుకుని పనిచేస్తోందని అనుమానం. ఒక్కసారి చేసిన కొలత, మళ్లీ చేసేవరకు దీన్ని ఎవరూ వాడొద్దు.

ఇది చదివి ఎవరూ డాక్సీ కొనుక్కుని మింగకండి. పొట్టలో బృహద్ధమని చిన్నగా ఉబ్బినవారికి రోజుకు రెండుసార్లు 100 మి.గ్రా. రెండేళ్లు ఇచ్చి చూసిన అమెరికా పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. ఉబ్బు పెరగడం తగ్గలేదు. వేరే ఎంజైమ్ మీద డారాప్లాడిబ్ అనే మందుకూ అదే జరిగింది. 15,828 మందితో ఒకటి, 13,026 మందితో ఇంకొకటి, రెండు పెద్ద పరీక్షలు 2014లో బయటికి వచ్చాయి. ఆ మందు ఎంజైమ్‌ను బాగానే అణచింది. రోగులకు మేలు మాత్రం నిలబడలేదు.

ఇప్పటికి: నాళాలు 5, జెల్స్ 12, చదవగలిగినవి 8, ఖర్చు రూ. 4,858. డాక్సీ స్ట్రిప్పు 48 రూపాయలే.

దశ 6: గీత ఉంటే పని జరిగినట్టేనా? (జూన్ 19 నుంచి)

ఈ ప్రశ్న వేసింది ఇద్దరిలో చిన్నమ్మాయి. "మేడమ్, 72 అంటే ఇంకా తెరుచుకోని రూపం కదా, మరి అది జెలటిన్ ఎలా తింది?" అంది. మంచి ప్రశ్న. తెరుచుకోని ఎమ్‌ఎమ్‌పీలో ఒక సిస్టీన్ జింక్‌ను పట్టుకుని నోరు మూసి ఉంచుతుంది. ఎస్‌డీఎస్ ఆ పట్టు విడిపిస్తుంది. ఎంజైమ్‌కు అతుక్కుని ఆపి ఉంచే టింప్ అనే ప్రొటీన్లను కూడా ఎస్‌డీఎస్ విడదీస్తుంది. అంటే నాళంలో నిద్రపోతున్నదాన్ని, కట్టేసి ఉన్నదాన్ని కూడా మా జెల్ లేపి పనిచేయిస్తోంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టి, ఆరోజు ఊళ్లో ఎంత కారం తిన్నారో చెప్పినట్టుంది మా కొలత.

ఎస్‌డీఎస్ లేకుండా చూడాలి. పాత పద్ధతి ఒకటి ఉంది: ఎక్స్-రే ఫిల్ము మీద జెలటిన్ పొర ఉంటుంది, వెండి అందులోనే ఇరుక్కుని నల్లగా కనిపిస్తుంది. ఎంజైమ్ చుక్క వేస్తే జెలటిన్ కరిగి, వెండి రాలి, తెల్లటి మచ్చ పడుతుంది.

కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్ వాళ్లు పాత ఫిల్ములు పది ఇచ్చారు. ముందు సరిచూసుకోవడానికి 560 రూపాయల ట్రిప్సిన్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) తెచ్చి చుక్కలు వేశాం. గంటైనా మచ్చ లేదు. మూడు గంటలైనా లేదు. ట్రిప్సిన్ చెడిందనుకుని రెండు రోజులు తిట్టుకున్నాం. తప్పు ఫిల్ముది. ఇప్పుడు వచ్చేవి వేడితో ముద్రించే డ్రై ఫిల్ములు, వాటి మీద ఆ జెలటిన్ పొర ఉండదు. గుర్తుపట్టడానికి: మూల ముక్కను 60 డిగ్రీల నీళ్లలో పెట్టి వేలితో రుద్దండి. నల్లటి పొర జిగురుగా ఊడివస్తే పాత రకం, లేకపోతే వదిలేయండి.

పాత రకం ఫిల్ము ఊరంతా వెతికితే దొరకలేదు. ఇంట్లో బీరువా పైఅరలో నాన్నగారి పాత ఛాతీ ఎక్స్-రే ఉంది. ఆయనే కత్తెర ఇచ్చారు. "మధ్యలో గుండె నీడ వదిలేయమ్మా, చుట్టూ నల్లగా ఉన్నది కోసుకో" అన్నారు. పన్నెండు ముక్కలు వచ్చాయి.

జూన్ 27 సాయంత్రం 5కి, థర్మకోల్ పెట్టెలో తడి దూది మీద, 37 డిగ్రీల దగ్గర పెట్టాం. ఒక్కో చుక్క 20 మైక్రోలీటర్లు.

ట్రిప్సిన్: 20 నిమిషాల్లో పూర్తి తెల్ల మచ్చ.
ఒట్టి బఫర్: 18 గంటలకు నలుపే.
5 కడుగుల నాళం రసం, జెల్ మీద మెరిసిన అదే ట్యూబు: 18 గంటలకు నలుపు. 40 గంటలకు అంచున చిన్న గోధుమ రంగు, మచ్చ అనలేం.
కడగని నాళం రసం: 18 గంటలకు పల్చటి మచ్చ.

ఫిల్ము జెల్ అంత సున్నితమైనది కాదు, కాబట్టి నలుపును సున్నా అని రాయడం లేదు. తెరుచుకోని ఎంజైమ్‌ను రసాయనంతో తెరిచి చూడొచ్చు, కానీ వాడేది పాదరసపు సమ్మేళనం, దాని వ్యర్థాన్ని పారేసే ఏర్పాటు మా ల్యాబ్‌లో లేదు. అది చేయం. బదులుగా రసాన్ని నాలుగు రెట్లు చిక్కబరిచి మళ్లీ వేస్తున్నాం. కడగని రసపు మచ్చ రక్తంలోని ఏ ఎంజైమ్‌దో తేల్చడానికి ఈడీటీఏ కలిపిన చుక్క ఒకటి, పీఎంఎస్ఎఫ్ కలిపిన చుక్క ఒకటి పక్కనే పెట్టాం.

ఇప్పటికి: నాళాలు 5, జెల్స్ 12, ఫిల్ము ముక్కలు మొదటి విడతలో వాడినవి 4, అప్పటికి మిగిలినవి 8, ఖర్చు రూ. 5,418. కొత్తగా పెట్టిన చుక్కలు రేపు పొద్దున 11కి తీస్తాం.